రసీదు లేని సామాన్లు

మా చిన్నమ్మ ఇల్లు కార్వేటినగరంలో ఉంది. ముందర తాతల కాలం నాటి పెంకుటిల్లు, వెనక 2014లో బ్యాంకు అప్పు తెచ్చి వేసిన చిన్న మిద్దె. 2021 నవంబరులో చిత్తూరు జిల్లాను ముంచెత్తిన వానలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. తిరుపతి వీధులు ఏరులై పారాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. పక్కన కడప జిల్లాలో 19వ తేదీన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్ళు కొట్టుకుపోయాయి. అవన్నీ పేపర్లలో వచ్చాయి. ఒక ఇంటి పక్కగోడ కూలితే పేపర్లో రాదు. నాలుగు రోజుల ముసురుకు నానినాని మా చిన్నమ్మ పెంకుటింటి పక్కగోడ ఒక రాత్రి కూలింది. దూలాలు దిగబడ్డాయి. ఆ బరువుకు వెనక వంటింటి గోడ నిలువునా పగిలింది. మనుషులకు ఏమీ కాలేదు. అది మా అదృష్టం.

ఆ ఇంటికి బీమా ఉంది. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్ళే చేయించారు. ఏటా ప్రీమియం ఖాతాలోనుంచి కోసుకుంటారు. పాలసీ మా చిన్నాయన పేరు మీద. ఆయన 2021 సెప్టెంబరులో పోయినాడు. పాలసీ అంతకు ముందే, జూలైలో, ఆ ఏటికి మళ్ళీ కట్టించారు. అంటే గోడ కూలిననాటికి ప్రీమియం చెల్లి ఉంది, గడువు తీరలేదు, ఇల్లు చిన్నమ్మకూ ఆమె ఇద్దరు పిల్లలకూ వచ్చింది. ఇంత స్పష్టంగా ఉంటే ఇక గొడవేముంది అనుకున్నాను. గొడవ ఒకటి కాదు, వరసగా నాలుగు వచ్చాయి. అవన్నీ నేను దగ్గరుండి చూశాను, ఉత్తరాలన్నీ నేనే రాశాను గనుక ఈ మాటలు చెప్పడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటాను. ఆ కంపెనీ పేరు రాయడం లేదు. పేరు మార్చి చెప్పినా కథ పెద్దగా మారదు.

మొదటి గొడవ పాలసీ కాగితం. అది ఇంట్లో లేదు, బ్యాంకు ఫైల్లో ఉంది. ఏడేళ్ళు ప్రీమియం కట్టిన ఇంట్లో పాలసీ నంబరు తెలిసిన మనిషి లేదు. చిన్నాయనకైనా తెలుసో లేదో! బ్యాంకు పుత్తూరులో. రెండుసార్లు తిరిగాక ఒక జిరాక్సు ఇచ్చారు. దాన్ని చదివితే తెలిసింది, అది 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ. 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలో సాధారణ బీమా కంపెనీలన్నీ ఇళ్ళకు ఒకే షరతులతో అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ పెట్టిన పాలసీ ఇది. నిప్పు, వరద, తుఫాను, భూకంపం, కొండచరియలు విరిగిపడడం వంటివి ఇందులో ఉంటాయి. ఇంటికీ సామాన్లకూ కలిపి తీసుకుంటే, ఇంటి బీమా మొత్తంలో ఇరవై శాతం, పది లక్షలు మించకుండా, సామాన్లకు దానంతట అదే వర్తిస్తుంది. ఆ సామాన్లకు ముందుగా జాబితా ఇవ్వనక్కరలేదు. నగలు, కళాఖండాల వంటి విలువైన వస్తువులకు మాత్రం వేరే చెప్పి రాయించుకోవాలి. చిన్నమ్మ పాలసీ ఎనిమిది లక్షలకు. అంటే సామాన్లకు లక్షా అరవై వేలు. ఈ సంగతి మాకు ఏజెంటు చెప్పలేదు, బ్యాంకు చెప్పలేదు. చిన్న అక్షరాలలో ఉన్న ఇంగ్లీషు కాగితం చెప్పింది.

రెండవ గొడవ సర్వేయరు. ఆయన ఎనిమిదో రోజు వచ్చాడు. అప్పటికి పొరుగువాళ్ళు జాలిపడి మట్టి ఎత్తిపోశారు, తడిసిన పరుపులు అవతల పారేశారు. ఇది మేము చేసిన తప్పు, ఒప్పుకుంటాను. తడిసి పాడైనదాన్ని కూడా సర్వేయరు చూసేదాకా ఒక మూల ఉంచాలి, తీసేముందు ఫోటోలు తీయాలి. మా చెల్లెలు సెల్లులో తీసిన పదకొండు ఫోటోలు లేకపోతే మా మాట ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

సర్వేయరు చెడ్డవాడు కాదు. ఆ వారం ఎన్ని ఇళ్ళు చూసి వచ్చాడో, ముఖంలో అలసట కనిపిస్తూనే ఉంది. టీ తాగి, కూర్చొని, ఒక్కొక్క వస్తువూ అడిగాడు. టీవీకి బిల్లు ఉందా? ఉంది, చిన్నాయన పేరు మీద. ఫ్రిజ్జుకు? ఉంది. బీరువాకు? లేదు. ఇత్తడి బిందెలు, రాగి అండా, మంచాలు, పరుపులు, గ్రైండరు, చీరలు?

"మా అమ్మ పెండ్లిలో పెట్టిన బిందెకు బిల్లు యాడనుంచి తెచ్చేది సామీ?" అన్నది చిన్నమ్మ.

ఆయన నవ్వి, కాగితం మీద గీత పెట్టాడు. ఆ గీత నా కళ్ళలో ఉండిపోయింది. ఒక ఇంట్లో మగవాడు కొన్నదానికి రసీదు ఉంటుంది. అంగడికి పోయి, డబ్బు లెక్కపెట్టి, పేరు చెప్పి కొంటాడు గనుక. ఆడమనిషికి వచ్చేవి పుట్టింటి నుంచి వస్తాయి, చీటీ పాటలో వస్తాయి, పాత సామాను మార్చి తెచ్చుకున్నవి, వాయిదాల మీద వీధిలోకి వచ్చిన బండి దగ్గర కొన్నవి. వాటికి రసీదులు ఉండవు. ఆమె సంసారమంతా వాటితోనే నడుస్తుంది. నష్టం లెక్కవేసే రోజున అవి లేనట్టే.

కుట్టుమిషను సంగతి ఇంకా విచిత్రం. చిన్నమ్మ పదిహేనేళ్ళుగా రవికెలు కుడుతుంది. మిషను గోడ కింద పడి నుజ్జయింది. అది కనిపిస్తున్న వస్తువు, దాన్ని కాదనలేదు. కానీ "కుట్టి డబ్బులు తీసుకుంటారు కదా, అది వ్యాపార సామగ్రి, ఇంటి పాలసీలో రాదు" అన్నారు. షరతుల ప్రకారం ఆ మాటలో అర్థం ఉంది. ఇంటి పాలసీ ఇంటి సామాన్లకే. నా బాధ అది కాదు. ఇదే చిన్నమ్మ అంతకు మూడేళ్ళ ముందు కొత్త మిషను కోసం అప్పు అడగబోతే, "నీకు ఆదాయం ఏముందమ్మా, ఇంట్లో కుట్టుకునేది వ్యాపారమా?" అని పంపించేశారు. అప్పు అడిగితే వ్యాపారం కాదు, నష్టం అడిగితే వ్యాపారం! నగరి, పుత్తూరు వైపు ఇంట్లోనే మరమగ్గం పెట్టుకుని బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకోవాలి. ఇంటి బీమా ఉంది కదా అని మగ్గానికీ ఉందనుకోకండి. దానికి విడిగా అడిగి చేయించాలి.

మూడవది ఉత్తరం. 2022 ఫిబ్రవరిలో వచ్చింది. మేస్త్రీ వేసిన అంచనా ఇంటికి రెండు లక్షల ఎనభై అయిదు వేలు. సామాన్లకు మేము రాసిచ్చింది, మిషను కాకుండా, డెబ్బై నాలుగు వేలు. మంజూరైనది అరవై ఒక్క వేల నాలుగు వందలు, అదీ మిద్దె గోడ పగులుకు మాత్రమే. పెంకుటింటి గోడ 'కాలక్రమాన శిథిలమై' కూలింది గనుక దానికి రాదు. సామాన్లకు బిల్లులూ జాబితా లేవు గనుక రాదు. పాలసీదారు మరణించినాడు గనుక ఆ డబ్బు ఇవ్వాలన్నా కోర్టు నుంచి వారసత్వ పత్రం తేవాలి.

ఇక్కడ ఊరి మాటలు మొదలయ్యాయి. "వచ్చిందే చాలు, తీసుకో" అన్నవాళ్ళు కొందరు. "మా అన్న పేరు మీద ఉండే ఇల్లు, సంతకం పెట్టేదానికి నువ్వెవరు?" అన్నాడు చిన్నమ్మ మరిది. పాతికేళ్ళు ఆ ఇంట్లో సున్నం కొట్టి, పేడ అలికి, వాయిదాలు కట్టిన మనిషిని అడిగిన మాట అది. కంపెనీ అడిగిన ప్రశ్నా, మరిది అడిగిన ప్రశ్నా ఒకటేనని నాకు ఆ రోజే అర్థమైంది. ఒకరు ఇంగ్లీషులో అడిగారు, ఒకరు తెలుగులో అడిగారు. చివరికి తహసిల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, పిల్లలిద్దరితో తమకు అభ్యంతరం లేదని రాయించి పంపితే, కోర్టు పత్రం అవసరం లేదని వాళ్ళే ఒప్పుకున్నారు. అడిగిన ప్రతి కాగితమూ తప్పనిసరి కాదు. ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో రాతపూర్వకంగా చెప్పమంటే చాలాసార్లు ఆ అవసరమే మాయమవుతుంది.

నాలుగవ గొడవ సంతకం. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఏజెంటు ఒక కాగితం తెచ్చాడు. "రసీదు అంతే అక్కా, ఇక్కడ సంతకం పెడితే డబ్బులు పడిపోతాయి" అన్నాడు. నేను ఊళ్ళో లేను. ఇంటికి ఒక పక్క టార్పాలిన్ కట్టి ఉంది. సంఘంలో తెచ్చిన అప్పుకు వడ్డీ నడుస్తోంది. ఆమె సంతకం పెట్టింది. ఆ కాగితం మీద ఇంగ్లీషులో ఉన్నది 'పూర్తి, అంతిమ పరిష్కారంగా అంగీకరిస్తున్నాను' అని. పుట్టింటి బిందెకు దొరకని రసీదు, తన హక్కు వదులుకోవడానికి మాత్రం ఆమె పేరుతో టైపు చేయించి ఇంటికి తెచ్చి ఇచ్చారు. అంతా అయ్యాక ఆ అరవై ఒక్క వేలు కూడా ఆమె చేతికి రాలేదు. అప్పు ఉన్న ఇంటికి పాలసీలో బ్యాంకు షరతు ఒకటి ఉంటుంది, డబ్బు ముందు బ్యాంకుకు పోతుంది. అది నేరుగా అప్పు ఖాతాలో జమ అయింది. గోడ గోడగానే, అంటే లేనట్టుగానే ఉంది. మరమ్మతు బిల్లులు చూపించి బతిమాలితే బ్యాంకు ఆ డబ్బును తర్వాత విడుదల చేసింది.

సంతకం పెట్టాక ఇంకేమీ చేయలేమని ఊళ్ళో పెద్దలందరూ తేల్చేశారు. ఒక వకీలు కూడా అదే అన్నాడు. నిజం అది కాదు. 1999లోనే సుప్రీంకోర్టు యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, అజ్మేర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో ఈ విషయం తేల్చింది. మోసంతోనో, ఒత్తిడితోనో, తప్పుగా చెప్పో సంతకం తీసుకున్నారని చూపించగలిగితే, ఆ సంతకం ఉన్నంత మాత్రాన వినియోగదారు హక్కు పోదు. 2015 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ కూడా కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. ఇలాంటి వోచరు రాయించుకున్నా, ఇంకా రావలసింది ఉందని కోర్టుకు పోయే హక్కును అది మూసెయ్యదని. సర్వేయరు మాట కూడా బ్రహ్మరాత కాదు. 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, సర్వే నివేదిక లెక్కకు ఆధారమే గాని అదే ఆఖరి మాట కాదని చెప్పింది. ఇంకొకటి, తిరస్కరించిన ఉత్తరంలో చెప్పని కారణాన్ని తర్వాత కోర్టులో కొత్తగా తెచ్చి పెట్టడానికి కంపెనీకి వీలులేదని 2016లో గలాడా కేసులో అదే కోర్టు అన్నది. అందుకే ఆ మొదటి ఉత్తరాన్ని పోగొట్టుకోకూడదు. మనల్ని కాదన్న కాగితమే రేపు మనకు ఆధారం.

మేము ముందు కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి రాశాము. ముప్పై రోజులు చూశాము. అక్కడినుంచి వచ్చింది పాత ఉత్తరానికి నకలు లాంటిది. సర్వే నివేదిక నకలు అడిగాము, అది మన హక్కు. అందులో ఒకచోట 'పాత ఇల్లు, నిర్వహణ లేదు' అని ఉంది. నిర్వహణ లేదట! ప్రతి సంక్రాంతికీ ఆ గోడకు సున్నం వేసిన మనిషి పక్కనే నిలబడి ఉండగా రాసుకున్న మాట. ఆ ఒక్క వాక్యం మీదనే మా ఫిర్యాదు నిలబెట్టాము. ఆ నాలుగు రోజుల వాన వివరాలు, గ్రామ రెవెన్యూ అధికారి రాసిచ్చిన నష్టం పత్రం, అదే వీధిలో అదే రాత్రి దెబ్బతిన్న మరో రెండు ఇళ్ళ ఫోటోలు, గోడ నాని కూలిందే గాని పాతబడి కూలలేదని మేస్త్రీ రాసిన చీటీ జతచేశాము. శిథిలమైన గోడ ఎండలోనైనా కూలాలి కదా, నాలుగు రోజుల వానకోసం ఎందుకు కాచుకుని ఉంటుంది?

ఆ ఫిర్యాదును హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు పంపాము. ఈ పదవి 1998 నియమాలతో వచ్చింది, ఇప్పుడు నడుస్తున్నది 2017 నియమాల ప్రకారం. రుసుము లేదు. వకీలు అక్కరలేదు, ఒప్పుకోరు కూడా. పాలసీదారు లేకపోతే వారసులు పెట్టవచ్చని నియమంలోనే ఉంది. మేము పెట్టిననాటికి ముప్పై లక్షల దాకా ఉన్న పరిమితిని 2023లో యాభై లక్షలకు పెంచారు. ఆ తీర్పు కంపెనీని కట్టిపడేస్తుంది, మనల్ని కట్టిపడెయ్యదు. నచ్చకపోతే మనం వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. అయితే కమిషన్‌లో కేసు నడుస్తుండగా ఇక్కడ తీసుకోరు, ఆ వరస తప్పించకూడదు.

విచారణ వీడియోలో జరిగింది. చిన్నమ్మ మా ఇంట్లో సెల్లు ముందు కూర్చుంది. భయపడుతుందనుకున్నాను. కంపెనీ తరఫున వచ్చినాయన సామాన్లకు బిల్లులు లేవని మొదలుపెట్టగానే, ఆమె ఇంటి గదులు ఒక్కొక్కటీ వరసగా చెప్పుకుంటూ పోయింది. తలుపు తీస్తే ఎడమపక్క ఏముంది, దాని పక్కన ఏముంది, ఏది ఎవరిచ్చారు, ఏది ఏ ఏట కొన్నది. పది నిమిషాలు ఎవరూ అడ్డుకోలేదు. చీటీ పాట పుస్తకం, పెళ్ళినాటి ఫోటోలో వెనక కనిపించే బిందెలు, గ్రైండరు కొన్న అంగడివాడు మళ్ళీ రాసిచ్చిన చీటీ, ఇవే మా సాక్ష్యాలు.

తీర్పు 2023 మొదట్లో వచ్చింది. పెంకుటింటి గోడకు పాతదనం కింద కొంత తగ్గించి లక్షా ఇరవై రెండు వేలు, సామాన్లకు ముప్పై ఎనిమిది వేలు అదనంగా ఇవ్వమన్నారు. కుట్టుమిషనుకు ఇవ్వలేదు. అడిగినదంతా రాలేదు. కొంత తగ్గింపు న్యాయమేనని నాకూ అనిపించింది, పాతగోడను కొత్తగోడ లెక్కన అడిగాము గదా. కానీ ఊరంతా 'ఇంతే వస్తుంది' అన్న చోట లక్షా అరవై వేలు ఎక్కువ వచ్చింది. ఆ తేడా ఎవరి మంచితనం వల్లా రాలేదు.

ఈ మధ్యలో జిల్లాలు విడిపోయాయి. 2022 ఏప్రిల్‌లో పుత్తూరు కొత్త తిరుపతి జిల్లాకు పోయింది, కార్వేటినగరం చిత్తూరు జిల్లాలోనే ఉంది. బ్యాంకు ఒక జిల్లా, ఇల్లు ఒక జిల్లా! కేసు ఎక్కడ వెయ్యాలోనని కంగారుపడేవాళ్ళకు చెబుతున్నాను. 2020 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే చోటనే వేసుకోవచ్చు. కంపెనీ ఆఫీసు ఏ మద్రాసులోనో బొంబాయిలోనో ఉన్నా సరే. కట్టిన ప్రీమియం అయిదు లక్షల లోపైతే రుసుము లేదు, ఇంటి పాలసీలలో అంత ప్రీమియం ఎవరు కడతారు? రెండేళ్ళ లోపల వెయ్యాలి.

2020 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఇళ్ళ స్థలాల పట్టాలు ఆడవాళ్ళ పేరు మీద ఇచ్చారు. మంచిదే. ఆ స్థలాల్లో ఇళ్ళు కట్టుకున్న చెల్లెళ్ళు ఎందరో ఉన్నారు. పట్టా మీద పేరు ఉన్నప్పుడు పాలసీ మీద కూడా ఆ పేరే ఉండాలి కదా. భర్త పేరు మీద ఉన్న ఇంటికైనా పాలసీ ఇద్దరి పేర్ల మీద తీసుకోమని అడగండి. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు సామాన్లకు మాత్రమే బీమా చేయించుకోవచ్చు, ఇల్లు మనది కానక్కరలేదు. పొదుపు సంఘాల సమావేశాల్లో అప్పులూ వాయిదాలూ మాట్లాడుకుంటాం. ఒక నెల అందరూ పాలసీ కాగితాలు తెచ్చుకుని చదువుకుంటే ఏమవుతుంది? ఎంతమంది ఇళ్ళలో అసలు కాగితమే లేదో ఆ రోజు బయటపడుతుంది.

కంపెనీలవాళ్ళు చెప్పే మాటా నేను విన్నాను. దొంగ క్లెయిములు వస్తాయి, పరీక్షించకుండా ఇస్తే అందరి ప్రీమియం పెరుగుతుందంటారు. నిజమే, పరీక్షించండి. కానీ ప్రీమియం కోసుకునేటప్పుడు ఇంటికొచ్చి గోడ పాతదా కొత్తదా చూడనివాళ్ళు, కూలిన తర్వాత దాని వయసు లెక్కపెట్టడం ఏం పరీక్ష? 2024లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశాల్లో, కావలసిన కాగితాలు పాలసీ ఇచ్చేటప్పుడే తీసుకోవాలని, కాగితాలు లేవనే కారణంతో క్లెయిము తిరస్కరించకూడదని ఉంది. అది ఊళ్ళలో అమలవుతున్నదా అని చూడవలసినది మనమే. అమలు కాకపోతే 155255 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

చిన్నమ్మ మిషను కొనుక్కుంది, సొంత డబ్బుతో, పుత్తూరులో. బిల్లు తన పేరు మీద రాయించుకుంది. పాలసీ ఇప్పుడు ఆమె పేరు మీదికి మారింది. మరిది ఇప్పటికీ మాట్లాడడం లేదు.

మీ ఇళ్ళలో గాని, మీకు తెలిసినవాళ్ళ ఇళ్ళలో గాని ఇలాంటి తిరస్కారపు ఉత్తరాలు, తక్కువ కట్టిన ఉత్తరాలు ఉంటే పత్రికకు జిరాక్సులు పంపండి. పంపేముందు ఉత్తరం మీద తేదీ చూసుకోండి. అంబుడ్స్‌మన్‌కు పోవడానికి కంపెనీ ఆఖరి జవాబు నుంచి ఏడాదే గడువు. మాకు రాసి జవాబుకోసం కాచుకుని ఆ ఏడాది దాటబెట్టుకోవద్దు.